మూసిన ఇంటి సిగ్నల్

పద్మజా టవర్స్ అని పేరు పెట్టారు గానీ, ఉన్నవి మూడే అంతస్తులు. అంతస్తుకు రెండేసి వాటాలు. గుంటూరులో మిర్చి యార్డు వైపు పోయే రోడ్డులో, సున్నం వెలిసి, మెట్ల కింద ఎవరివో తెలియని పాత సైకిళ్ళు పడివున్న బిల్డింగు. మాఘం వచ్చిందంటే చాలు, ఆ వైపు గాలిలో కారం ఉంటుంది. కొత్తగా అద్దెకు దిగినవాళ్ళు జలుబు చేసిందనుకుని మాత్రలు మింగుతారు. పాతవాళ్ళు కిటికీలు మూసుకుని, కళ్ళు తుడుచుకుంటూ పనులు చేసుకుపోతారు.

ఆ టవర్స్‌కి ఇంటర్నెట్ తెచ్చిన మనిషి యలమందయ్య గారు. టెలిఫోన్ శాఖలో పనిచేసి రిటైరయ్యాడు. రెండో అంతస్తులో కుడిచేతి వాటా ఆయనది. ఏనాడూ బడి మొహం చూసి పాఠం చెప్పినవాడు కాదు, అయినా అందరూ మాస్టారనే పిలిచేవాళ్ళు. ఏ చిన్న సంగతి అడిగినా పాఠం చెప్పకుండా వదిలేవాడు కాదు మరి. తనకున్న ఒక్క కనెక్షన్‌నీ బిల్డింగంతటికీ పంచాడు. వెనక కిటికీలోంచి వచ్చే టెలిఫోన్ లైనుకి ముందుగదిలో డబ్బా తగిలించి, అందులోంచి నీలం తీగలు గుత్తిగా గుమ్మం కిందనుంచి బయటికి తీసి, మెట్ల గోడ వెంబడి ఎవరింటికి వాళ్ళకి లాగించాడు. నెట్ పోతే ఆయన తలుపు ముందు నిలబడి "మాస్టారూ, పోయిందండి" అంటే చాలు. లోపలినుంచి ఒక దగ్గు, చెప్పుల చప్పుడు వినిపించేవి. డబ్బా ఆపి మళ్ళీ పెట్టేవాడు. నెట్ వచ్చేసేది. తలుపు తీయాల్సిన పని కూడా ఉండేది కాదు.

ఆ నెట్ మీద అందరికంటే ఎక్కువ ఆధారపడింది ఎదురు వాటాలో ఉండే షమీమ్. ఆమె ఉద్యోగం కాస్త చిత్రమైనది. ఎక్కడో అమెరికాలో డాక్టర్లు రోగుల గురించి చెప్పి రికార్డు చేసిన మాటలు నెట్‌లో వస్తాయి. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని అవి విని, టైపు చేసి హైదరాబాదు కంపెనీకి పంపాలి. మొహం తెలియని మనుషులు రోజంతా చెవిలో గొణుగుతుంటే వినడం, వాళ్ళు చెప్పిన జబ్బులన్నీ రాసుకోవడం. మొదట్లో ఒళ్ళు జలదరించేది. పోనుపోను అలవాటైపోయింది. మూడు నెలలు పని చూసి ఖాయం చేస్తామన్నారు కంపెనీవాళ్ళు.

ఖాయం కావడం ఎంత అవసరమో షమీమ్‌కే తెలుసు. భర్త అన్వర్ పత్తి మిల్లులో కాటా గుమస్తా. మిల్లు నడిచిన రోజులకంటే మూతబడిన రోజులే ఎక్కువ. వేటపాలెంలో అన్వర్ అన్న గౌస్ బాషాకి జీడిపప్పు కార్ఖానా ఉంది. వచ్చేయండి, అందరం కలిసుందాం అని ఆయన చాలాకాలంగా పిలుస్తున్నాడు. కలిసుండటం అంటే ఏమిటో షమీమ్ పెళ్ళయిన కొత్తలోనే చూసింది. ఆ ఇంటి ఆడవాళ్ళు తెల్లారింది మొదలు జీడిగింజలు కొడుతూ కూర్చుంటారు. ఆ రసానికి వేళ్ళు నల్లబడి, చర్మం లేచిపోతుంది. ఒక్కసారి ఆ ఇంట్లో పీట వేసుకుని కూర్చుంటే మళ్ళీ లేవడం ఉండదని ఆమె భయం. ఆ భయం నిద్రలో కూడా వదిలేది కాదు.

"ఈ ఉద్యోగం ఖాయమైందా, ఇక్కడే ఉందాం. కాలేదా, సామాను కట్టేద్దాం. ఇంక నేను మాటిమాటికీ అన్నకి సాకులు చెప్పలేను" అన్నాడు అన్వర్. చెడ్డవాడు కాదు, విసిగిపోయినవాడు.

అలాంటి సమయంలో మాస్టారు పోయాడు.

మధ్యాహ్నం భోజనం చేసి కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. అదృష్టవంతుడు అన్నారు అందరూ. పోయిన గడియ లెక్కకట్టిన పురోహితుడు మాత్రం పెదవి విరిచాడు. ధనిష్ఠా నక్షత్రం. ఆ నక్షత్రంలో పోయినవాళ్ళు ఒక పట్టాన ఇల్లు వదిలి వెళ్ళరంటారు. ఆరు నెలలు ఇల్లు మూసిపెట్టాలి, లోపల దీపం వెలగకూడదు, మనిషి అలికిడి ఉండకూడదు. నమ్మకం లేనివాళ్ళు కూడా ఎందుకొచ్చిన గొడవని మూసేస్తారు.

పెద్దకర్మ అయిన మర్నాడు మాస్టారి తమ్ముడు వీరబాబు పొన్నూరు నుంచి కారు తెచ్చాడు. బియ్యం వ్యాపారం చేసే మనిషి, ఏ పనైనా దగ్గరుండి చేయిస్తాడు. మెయిన్ ఫ్యూజు తనే పీకి జేబులో వేసుకున్నాడు. తలుపు లాగి తాళం పడేలా వేశాడు. అప్పుడు గడప కిందనుంచి బయటికొచ్చిన నీలం తీగల గుత్తి ఆయన కంట్లో పడింది.

"ఇయ్యేంది?"

"నెట్ వైర్లండి. అందరివీ ఇట్నుంచే..." అంది షమీమ్.

"మూసిన ఇంటి గడప దాటి దారం పోగు కూడా బయటికి ఉండకూడదమ్మా. ఆ తీగ పట్టుకుని మీ ఇళ్ళకొస్తే ఎవరిది పూచీ?" అని కత్తెర తెప్పించి, గుత్తి మొత్తం ఒక్క దెబ్బతో కత్తిరించేశాడు. మాస్టారి భార్య సుబ్బరావమ్మ కారెక్కుతూ రెండో అంతస్తు వైపు తిరిగి తిరిగి చూసింది. చంటిబిడ్డను ఎవరింట్లోనో వదిలి పోతున్న తల్లి చూపు అది. షమీమ్ ఏడుపు ఆపుకోలేకపోయింది.

మిగతా వాటాలవాళ్ళకు నెట్ లేకపోతే సినిమాలు తగ్గాయి, అంతే. షమీమ్‌కి మాత్రం కాళ్ళకింద నేల పోయినట్టయింది. కొత్త లైనుకి దరఖాస్తు పెడితే, మీ వీధిలో ఖాళీ లేదు, వేసవి వెళ్ళాక చూద్దాం అన్నారు. వీధి చివర నెట్ సెంటర్లో కూర్చుని చేద్దామంటే చుట్టూ ఆటలాడే కుర్రాళ్ళ కేకలు. డాక్టరు గుండె అన్నాడో గొంతు అన్నాడో వినపడలేదు. తప్పులు పోయాయి. కంపెనీ సూపర్‌వైజర్ ఫోన్ చేసి, ఇలాగే ఉంటే కష్టమమ్మా అంది. పోనీ, మాస్టారి డబ్బా తెచ్చుకుందామని వీరబాబుకి ఫోన్ చేస్తే, మూసిన ఇంటి ఊసు ఎత్తొద్దని కసురుకున్నాడు. సుబ్బరావమ్మ సెల్‌కి చేస్తే ఎప్పుడూ స్విచాఫ్.

అప్పుడే ఆమెకు ఒక ఆలోచన వచ్చింది. మాస్టారు చనిపోవడానికి కొన్నాళ్ళ ముందు డబ్బా మార్చాడు. కొత్తది తీగ లేకుండా గాల్లోనే నెట్ ఇస్తుందని బిల్డింగంతా తిరిగి పాఠం చెప్పాడు. గడప దాటి తీగ ఉండకూడదన్నారు గానీ గాలి ఉండకూడదని ఎవరూ అనలేదు. అరండల్‌పేటలో కంప్యూటర్ సామాను అమ్మే షాపుకి వెళ్ళి, ఇంకో డబ్బా దగ్గర సిగ్నల్ అందుకుని తన కంప్యూటర్‌కి ఇచ్చే రౌటర్ ఒకటి కొనుక్కొచ్చింది.

మధ్యాహ్నం ఎండ మండిపోతోంది. అన్వర్ మిల్లులో ఉన్నాడు. రౌటర్‌కి కరెంటు ఇచ్చి, వాళ్ళిచ్చిన పొట్టి తీగతో కంప్యూటర్‌కి కలిపి, కాగితం మీదున్న అంకెలూ చుక్కలూ చూసి కొడితే తెర మీద ఒక పేజీ తెరుచుకుంది. చుట్టుపక్కల ఏ సిగ్నల్స్ ఉన్నాయో వెతకమని బటన్ నొక్కింది. కాసేపు ఏమీ లేదు. తరవాత ఒకే ఒక్క పేరు పడింది. ఇంగ్లీషు అక్షరాల్లో, యలమంద.

దొరికిందన్న సంతోషం ఒక్క క్షణమే. ఆ వెంటనే గుర్తొచ్చింది, ఫ్యూజు పీకి వీరబాబు జేబులో వేసుకోవడం తను కళ్ళారా చూసింది. కరెంటు లేని ఇంట్లో డబ్బా ఎలా వెలుగుతోంది? మెడ మీద చెమట చల్లబడింది. చివరికి మాస్టారు చెప్పిన సంగతే తట్టింది. నెట్ అందరిదీ కాబట్టి డబ్బా కరెంటు కూడా అందరిదీ కావాలని, దాన్ని మెట్ల లైట్ల లైనుకి కలిపాడాయన. అంతే, అందులో వింతేం లేదు. అలా తనకు తను చెప్పుకుని, ఎవరో పక్కనుంటే వాళ్ళకీ వినపడాలన్నట్టు "అంతేలే" అని పైకి కూడా అంది.

పేరు మీద నొక్కితే పాస్‌వర్డ్ అడిగింది. మాస్టారి పేరు కొట్టింది, కాదంది. సుబ్బరావమ్మ పేరు, ఫోన్ నంబరు, బిల్డింగు పేరు, ఇంటి నంబరు, అన్నీ కొట్టింది. దేనికీ లొంగలేదు. రెండు రోజులు కూర్చుని తోచినవన్నీ కొట్టి, మూడోనాడు పిచ్చి కోపమొచ్చి వరండాలోకి వచ్చింది. మెట్ల మీద ఎవరూ లేరు. కారపు గాలికి కళ్ళు మండుతున్నాయి. ఎదురుగా మూసిన తలుపు, గడప దగ్గర కత్తిరించిన తీగల మొదళ్ళు.

"పాస్‌వర్డ్ ఏం పెట్టారండీ మాస్టారూ? చెప్పకుండా పోతే ఎట్టాగండీ నేను?" అంది. ఆ మాట అన్నాక తనకే సిగ్గేసి లోపలికొచ్చి తలుపేసుకుంది.

మర్నాడు పొద్దున పాలప్యాకెట్ కోసం తలుపు తీసేసరికి, ఎదురింటి గడప కింద తెల్లగా ఏదో కనపడింది. సగం లోపల, సగం బయట. చీటీ ముక్క. మడతపడిన అంచు మీద ఎండిన బంక. నీలి ఇంకుతో, ఒత్తి రాసిన పెద్దక్షరాలు. ఏడు అంకెకు మధ్యలో అడ్డగీత. టెలిఫోన్ శాఖలో అలాగే రాయాలని మాస్టారు చెప్పిన ఏడు అది. ఆ దస్తూరీ బిల్డింగులో తెలియనివాళ్ళు లేరు.

షమీమ్ అందుకున్న పాలప్యాకెట్ చేతిలోంచి జారింది. ఆమె మతంలో ధనిష్ఠలూ లేవు, ఇళ్ళు మూయడాలూ లేవు. అమ్మ నేర్పిన దువా చదువుకుంది. చదువుతూనే వంగి ఆ చీటీ తీసుకుంది. అవసరం మనిషి చేత ఎంత పనైనా చేయిస్తుంది.

చీటీలో ఉన్నది 'సుబ్బులు', దాని పక్కన ఒక సంవత్సరం, వాళ్ళ పెళ్ళయిన సంవత్సరం కాబోలు. కొట్టగానే రౌటర్ మీద ఆకుపచ్చ దీపాలు ఒకదాని వెనక ఒకటి వెలిగాయి. నెట్ వచ్చేసింది.

ఆ రోజంతా భయపడుతూనే పనిచేసింది. చెవిలో అమెరికా డాక్టరు ఎవరిదో ఊపిరితిత్తుల గురించి చెబుతున్నాడు. రెండు మాటల మధ్య ఆయన ఆగినప్పుడల్లా వీపు వెనక ఇంకెవరో గొంతు సవరించుకున్నట్టుండేది. హెడ్‌ఫోన్స్ తీసి చూస్తే ఏమీ లేదు. సాయంత్రం అన్వర్ వచ్చి నెట్ ఎలా వచ్చిందని అడిగితే, రౌటర్ మంచిదని చెప్పింది. చీటీ సంగతి చెప్పలేదు. చెబితే ఆ రాత్రికే వేటపాలెం బస్సెక్కిస్తాడని ఆమెకు తెలుసు.

నాలుగు రోజులు పోయాక, ఓ మధ్యాహ్నం పని మధ్యలో నెట్ ఆగిపోయింది. సాయంత్రంలోగా పంపాల్సిన ఫైలు సగంలో ఉంది. షమీమ్ లేచి, వరండాలోకి వచ్చి, మూసిన తలుపు ముందు నిలబడింది.

"మాస్టారూ, పోయిందండి" అంది.

లోపలినుంచి ఒక దగ్గు. తరవాత చెప్పులు ఈడ్చిన చప్పుడు, నెమ్మదిగా, ముందుగది వైపు. షమీమ్ వెనక్కి చూడకుండా ఇంట్లోకి పరిగెత్తింది. రౌటర్ మీద దీపాలన్నీ వెలుగుతున్నాయి.

ఇలా ఇంకో రెండుసార్లు జరిగింది. చెబితే ఎవరూ నమ్మరు గానీ, భయం మెల్లగా అరిగిపోయి దాని స్థానంలో ఒక రకమైన మొహమాటం వచ్చి చేరింది. చనిపోయిన మనిషిని ఊరికే లేపుతున్నానే అని బాధపడేది. నెట్ వచ్చాక తలుపు దగ్గరికి వెళ్ళి, వచ్చిందండి మాస్టారూ అని మెల్లిగా చెప్పి వచ్చేది. పని చక్కగా సాగింది. ఇదే తీరుగా నెలాఖరు దాకా నెట్టుకొస్తే ఖాయం చేయిస్తానంది సూపర్‌వైజర్.

కానీ చెవులు ఆమెకొక్కదానికేనా ఉన్నవి? పై అంతస్తులో ఉండే బాలు మిర్చి కమిషన్ వ్యాపారి, బిల్డింగు ప్రెసిడెంటు. పెద్ద గొంతు, చిన్న గుండె. ఒక సాయంత్రం మెట్లు దిగుతూ మూసిన ఇంట్లో కుళాయి తిప్పిన చప్పుడు విన్నాడు. మళ్ళీ ఆ మెట్లు ఎక్కడానికి ఇద్దరు మనుషుల్ని తోడు తీసుకున్నాడు. ఆ తర్వాత షమీమ్ ఇంటికొచ్చి, గుమ్మంలోంచే చెప్పాడు.

"వీరబాబుకి ఫోన్ చేశానమ్మా. రేపు పొద్దున ఎలక్ట్రీషియన్ని తీసుకుని వస్తున్నాడు. మెట్ల లైనునుంచి లోపలికి కరెంటు పోతా ఉందంట కదా, అది కోసేసి, పైన పెద్ద తాళం ఒకటి ఏసి పోతాడు. లోపల ఏ మూలన ఏముందో చూసి మరీ ఏస్తానన్నాడు."

బాలు వెళ్ళాక షమీమ్ కుర్చీలో కూలబడింది. నెలాఖరుకి ఇంకా కొన్ని రోజులున్నాయి. రేపు ఆ కరెంటు పోతే డబ్బా పోతుంది, డబ్బాతో పాటు ఉద్యోగం పోతుంది. అన్వర్ ఇప్పటికే అటక మీద ట్రంకుపెట్టెలు దించి దుమ్ము దులిపాడు. ఎవరికి చెప్పుకోవాలో తెలియలేదు. చివరికి అలవాటైన తలుపు దగ్గరికే వెళ్ళింది.

"మాస్టారూ, రేపు మీ తమ్ముడొచ్చి కరెంటు తీసేస్తాడంటండి. నా పరీక్ష నెల ఇంకా కాలేదు. నేనేం చెయ్యాలో మీరే చెప్పండి" అని గడప ముందు కూర్చుని ఏడ్చింది. కన్నతండ్రి దగ్గర కూడా ఆమె అలా ఏడవలేదు.

తాళం తిరిగిన చప్పుడైంది. తలుపు జానెడు తెరుచుకుంది. లోపలి చీకట్లోంచి ఒక చెయ్యి వచ్చి ఆమె మణికట్టు పట్టుకుంది. చల్లటి చెయ్యి. షమీమ్ కళ్ళు గట్టిగా మూసుకుంది.

"లోపలికి రావే తల్లీ. ఎవరన్నా చూస్తారు" అంది సుబ్బరావమ్మ.

తెరలు దించిన ముందుగదిలో మసక వెలుతురు. మూల బల్లమీద డబ్బా దీపాలు మిణుకుమంటున్నాయి. సుబ్బరావమ్మ చిక్కి సగమైంది. పొన్నూరులో పట్టుమని వారం కూడా ఉండలేదట. చీరాలలో అక్క దగ్గరుంటానని మరిదికి చెప్పి, తెల్లవారుజామున బస్సు దిగి, తన దగ్గరున్న రెండో తాళంచెవితో లోపలికొచ్చింది. అప్పటినుంచీ అటుకులు, బెల్లం, కుళాయి నీళ్ళు.

"ఇదేం పని పిన్నిగారూ? అందరూ ఈ ఇంటికి భయపడి చస్తుంటే, మీరొక్కరూ..."

"దేనికమ్మా భయం? పొన్నూరులో ఎవరి నోట విన్నా ఒకటే మాట. ఆయన ఇల్లొదిలి పోడు, ఆర్నెల్లు అందులోనే తిరుగుతా ఉంటాడు, అందుకే మూశామని. తిరుగుతా ఉంటే మరి నేనుండొద్దా? కళ్ళజోడు ఎక్కడ పెట్టాడో ఆయనకి తెలీదు. మంచినీళ్ళు అడిగితే ఇచ్చేదెవరు? పెళ్ళయిన కాడ్నుంచీ ఆయన్ని ఒక్కణ్ణి ఇంట్లో ఒదిలి ఎక్కడికన్నా పోయానా నేను?"

ఊరంతా ఆయన వస్తాడని పారిపోతే, ఈ మనిషి ఆయన వస్తాడనే పరిగెత్తుకొచ్చింది. "కనిపించారా?" అని అడిగింది షమీమ్.

సుబ్బరావమ్మ తల అడ్డంగా ఊపింది. "లేదమ్మా. ఒక్క అలికిడన్నా లేదు. చెవులు రిక్కించి కూచుంటున్నా. ఆ పంతులు మాట కూడా అబద్ధమేమో, వెళ్ళిపోయారేమో అనిపిస్తా ఉంది." ఆ మాట అంటున్నప్పుడు ఆమె కళ్ళల్లోకి చూడలేకపోయింది షమీమ్.

"చీటీ ఇచ్చింది మీరే కదండీ?"

"నేనే. నువ్వు బయట నిలబడి అంత జాలిగా అడుగుతుంటే మనసొప్పలా. డబ్బా మీద ఆయన అంటించుకున్న చీటీ పీకి గడప కిందకి తోశా."

"నెట్ పోయినప్పుడల్లా డబ్బా ఆపి పెట్టింది కూడా..."

"ఏ డబ్బా?"

"అదేనండీ, మూలనున్నది. మధ్యాహ్నాలు నేనొచ్చి పోయిందండీ అంటే, మీరు దగ్గి, చెప్పులేసుకుని వచ్చి..."

సుబ్బరావమ్మ ఆమెనే చూస్తోంది. "మధ్యాహ్నాలు నేను వెనకగదిలో పడుకుంటానమ్మా. నాకేం వినపళ్ళా. ఇంట్లో చెప్పులేసుకునే అలవాటు నాకెప్పుడూ లేదు. ఆ డబ్బా జోలికి పోతే ఆయన కేకలేసేవారు, ఈనాటికీ దాన్ని ముట్టుకోను."

షమీమ్‌కి ఆ చీకటి గదిలో ఇద్దరే ఉన్నారో ముగ్గురున్నారో తెలియలేదు. సుబ్బరావమ్మ మొహంలో మాత్రం ఏదో వెలుగొచ్చింది. షమీమ్ చెయ్యి రెండు చేతుల్తో పట్టుకుని, "నువ్వు పిలిస్తే పలికారా? నిజంగానా?" అని మళ్ళీ మళ్ళీ అడిగింది.

ఆ రాత్రి షమీమ్‌కి నిద్ర లేదు. సుబ్బరావమ్మ లోపలుందని చెబితే రేపు ఆమెను బలవంతంగా కారెక్కిస్తారు, కరెంటు కోసేస్తారు. చెప్పకపోయినా తలుపు తీసి చూస్తారు. ఎటు తిరిగినా ఇద్దరి బతుకూ ఆ గడప దగ్గరే ఆగిపోతుంది.

పొద్దున వీరబాబు పెద్ద ఇత్తడి తాళంతో దిగాడు. వెనక ఎలక్ట్రీషియన్, ఆ వెనక మెట్లమీద బాలు. వీరబాబు తాళంచెవి జేబులోంచి తీసి కూడా తలుపులో పెట్టలేదు. షమీమ్ వైపు తిరిగాడు.

"మీది ఎదురిల్లే గదమ్మా. బాలు గారు ఏందో చప్పుళ్ళంటున్నాడు. మీకేమన్నా వినపడతా ఉందా?"

అన్వర్ పక్కనే ఉన్నాడు. షమీమ్ చున్నీ సర్దుకుంది.

"వినపడతా ఉందండి. మాస్టారు లోపలే ఉన్నారు. నెట్ పోయిందండీ అంటే దగ్గుతారు, చెప్పులేసుకుని వచ్చి డబ్బా ఆపి పెడతారు. ఒకసారి పాస్‌వర్డ్ అడిగితే రాసిచ్చారు" అని ఇంట్లోకి వెళ్ళి, ఆ చీటీ తెచ్చి వీరబాబు చేతిలో పెట్టింది.

అన్న దస్తూరీ చూసిన వీరబాబు మొహంలో నెత్తురు చుక్క లేదు. వెనక ఎలక్ట్రీషియన్ అప్పటికే రెండు మెట్లు దిగాడు.

"సాయిబులమ్మాయి. ఆ అమ్మాయికేం అవసరం మన పట్టింపులు? ఆ అమ్మాయే చెప్తా ఉందంటే ఇంకేం కావాలయ్యా" అన్నాడు బాలు పైమెట్టు మీదనుంచి.

"నేనెందుకు తీస్తానయ్యా తలుపు? ఆర్నెల్లూ కానీ. కరెంటూ వద్దు, గిరెంటూ వద్దు, ఎట్టున్నది అట్టా ఉంచండి" అని వీరబాబు మూసిన తలుపుకి దండం పెట్టి, ఇత్తడి తాళం చంకలో పెట్టుకుని దిగిపోయాడు. షమీమ్‌కి అప్పుడు నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. సగం సుబ్బరావమ్మ కోసం, సగం తన కోసం అలా చెప్పింది. ఏ సగం పెద్దదో తేల్చుకోబుద్ధి కాలేదు.

ఆ రాత్రే అన్వర్‌ని కూర్చోబెట్టి ఉన్న సంగతంతా చెప్పేసింది. ట్రంకుపెట్టెలు మళ్ళీ అటకెక్కించకుండానే అతను వింటూ కూర్చున్నాడు. "ముసలావిడ పచ్చి అటుకులు తిని ఎన్నాళ్ళుంటుంది? రేపట్నుంచి నాలుగు మెతుకులు ఎక్కువ వండు" అన్నాడు.

నెలాఖరు రోజు మధ్యాహ్నం హైదరాబాదు నుంచి ఫోన్ వచ్చింది. ఉద్యోగం ఖాయం చేశామని చెప్పింది సూపర్‌వైజర్. షమీమ్ ఫోన్ పెట్టేసింది. కన్నీళ్ళు వాటంతటవే కారాయి. తరవాత అన్నం, పప్పుచారు, వంకాయ కూర గిన్నెల్లో సర్ది, వరండాలో ఎవరూ లేకుండా చూసి ఎదురింటి తలుపు గోటితో గీకింది.

సుబ్బరావమ్మ తలుపు తీసింది. వారంలోనే మనిషి తేరుకుంది. తల దువ్వుకుంది, ఉతికిన చీర కట్టుకుంది. గదంతా తుడిచి శుభ్రంగా ఉంది. డబ్బా పక్కన మాస్టారి కుర్చీ, దాని చేతిమీద తడి తువ్వాలు ఆరేసి ఉంది.

"పిన్నిగారూ, ఖాయం చేశారండి" అంది షమీమ్ ఉప్పొంగిపోతూ. "ఇంక ఎక్కడికీ పోనక్కర్లేదు. మొన్న మీ సంగతి దాచి, లోపల మాస్టారే ఉన్నారని మీ మరిదికి అంత అబద్ధం ఆడినందుకు మనసులో పీకుతూనే ఉంది గానీ, ఆ అబద్ధమే లేకపోతే..."

"అబద్ధమెందుకవుద్దమ్మా" అంది సుబ్బరావమ్మ. గిన్నెలు అందుకుని, వెనకగది వైపు ఒకసారి చూసి, పెదవుల మీద వేలు పెట్టుకుంది. "కాస్త మెల్లిగా మాట్లాడు. నీ నెల గడిచేదాకా ఆ డబ్బా దగ్గరే మేలుకుని కూచున్నారు పాపం. ఇప్పుడే కన్ను మూతబడింది."

వెనకగది తలుపు ఓరగా వేసి ఉంది. లోపలినుంచి ఏ చప్పుడూ లేదు.

షమీమ్ గొంతు తగ్గించింది.